షెవీ సీ10 కొనేముందు నీళ్ల దారి చూడండి

పాత పికప్ చూడ్డానికి వెళ్లినవాళ్లంతా ముందు బానెట్ ఎత్తమంటారు. 1967 నుంచి 1972 దాకా వచ్చిన షెవ్రొలే సీ10 దగ్గర బానెట్ సంగతి ఆఖర్న చూసుకోవచ్చు. ఇంజన్ పోతే ఇంకోటి దొరుకుతుంది. ఆ కాలపు 350 వీ8ని (350 ఘన అంగుళాల, ఎనిమిది సిలిండర్ల ఇంజన్) విప్పి బిగించగలిగినవాళ్లు అమెరికాలో ఏ ఊళ్లోనైనా ఉన్నారు, సామాను మామూలు ఆటో పార్ట్స్ షాపులోనే దొరుకుతుంది. క్యాబ్ (డ్రైవర్ కూర్చునే గది) రేకు అలా కాదు. తుప్పు తినేసిన క్యాబ్‌ను నిలబెట్టే పనితో పోలిస్తే ఇంజన్ ఓవర్‌హాలింగ్ ఏ మూలకూ రాదు. కాబట్టి ఈ బండి కొనేటప్పుడు కనిపెట్టాల్సింది ఒకటే: వాన నీళ్లు ఎక్కడ దిగుతున్నాయి, ఎక్కడ ఆగుతున్నాయి, ఎటునుంచి బయటికి పోతున్నాయి.

డాలస్ చుట్టుపక్కల ఉండే మనవాళ్లకు ఇందులో ఒక వీలుంది. పడమటి టెక్సస్, న్యూ మెక్సికో, అరిజోనా పొడి నేలలు. అక్కడ యాభై ఏళ్లు ఎండలో నిలబడ్డ బండికి రంగు పోయి ఉంటుంది, డ్యాష్‌బోర్డు పగిలి ఉంటుంది, తలుపుల చుట్టూ రబ్బరంతా పెళుసెక్కి రాలిపోతుంటుంది. అవన్నీ కొత్తవి కొనుక్కోవచ్చు. మిషిగన్, ఒహాయో లాంటి చోట్ల చలికాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. అక్కడి బండి పైన మెరుస్తున్నా ఫ్రేము, బ్రేకు పైపులు, క్యాబ్ అడుగు గుల్లయి ఉంటాయి. రంగు పోయిన పొడి ప్రాంతపు బండికీ రంగు నిగనిగలాడే ఉప్పు ప్రాంతపు బండికీ ఒకే ధర చెప్తే, కళ్లు మూసుకుని మొదటిదే తీసుకోండి.

ఏ సంవత్సరం బండి?

ఈ ఆరేళ్ల బండ్లూ దూరం నుంచి ఒకేలా కనిపిస్తాయి, తేడాలు మాత్రం ఉన్నాయి. 1967లో క్యాబ్ వెనక కిటికీ అద్దం చిన్నది, పెద్ద అద్దం కావాలంటే విడిగా డబ్బు కట్టి తీసుకోవాల్సి వచ్చేది. 1968లో పక్కలకు చిన్న మార్కర్ లైట్లు వచ్చాయి. 1969లో గ్రిల్లు, బానెట్ ముందుభాగం మారాయి. 1971లో గళ్లగళ్లుగా ఉండే గ్రిల్లు వచ్చింది, దానికన్నా ముఖ్యంగా ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు మామూలు సరంజామాలోనే వచ్చేశాయి. 1970 వరకు నాలుగు చక్రాలకూ డ్రమ్ములే, చక్రానికి ఆరు బోల్టులు. 1971 నుంచి సీ10కి ఐదు బోల్టులు. 1972లో లోపల వెనక్కి చూసుకునే అద్దాన్ని స్క్రూలకు బదులు ముందు గ్లాసుకే అతికించారు.

బాగుచేసి రోజూ నడపాలనుకుంటే 1971, 72 బండ్లే మేలు. ధర కొంచెం ఎక్కువైనా డిస్కులు, వాటి స్పిండిళ్లు (చక్రం తిరిగే ఇరుసు మొనలు) బండితోనే వస్తాయి. పాత డ్రమ్ముల బండికి డిస్కులు వేయాలంటే 1971–72 బండి ముందు క్రాస్‌మెంబర్‌ను (ముందు చక్రాల సామాను బిగించి ఉండే అడ్డ దూలాన్ని) మొత్తంగా తెచ్చి బిగించడం ఒక పద్ధతి. అప్పుడు ముందు ఐదు బోల్టుల చక్రాలు, వెనక ఆరు బోల్టుల చక్రాలు అవుతాయి. స్టెప్నీ ఒక వైపుకే పనికొస్తుంది. వెనక యాక్సిల్ షాఫ్టులు, డ్రమ్ములు కూడా మార్చితే తప్ప లెక్క సరిపోదు.

వెనక సామాను వేసే తొట్టి పొడవు విషయం ముందే తేల్చుకోండి. పొట్టి తొట్టి బండికి వీల్‌బేస్ 115 అంగుళాలు, పొడుగు తొట్టికి 127. పొడుగు ఫ్లీట్‌సైడ్ (తొట్టి పక్కలు చదునుగా ఉండే రకం) మొత్తం 17 అడుగుల పైమాటే. కొత్త కాలనీల్లో ఇళ్ల గ్యారేజీ 20 అడుగుల లోతుంటే బండి పడుతుంది కానీ ముందు పని బల్లకు చోటుండదు, బానెట్ ముందు నిలబడి పనిచేయడం నరకం. చాలా కాలనీ సంఘాలు నడవని బండిని డ్రైవ్‌వేలో ఉంచనివ్వవు. విప్పిన బండిని నెలల తరబడి ఎక్కడ పెడతారో తేలకుండా అడ్వాన్సు ఇవ్వొద్దు. పొట్టి తొట్టికి గిరాకీ, ధర రెండూ ఎక్కువ. పొడుగు ఫ్రేమును కోసి పొట్టి చేసిన బండ్లు మార్కెట్లో చాలా ఉన్నాయి. అలాంటిది చూస్తే ఫ్రేము అతుకు దగ్గర వెల్డింగ్ ఎలా ఉందో కింద పడుకుని చూడాలి.

కాగితాల సంగతి. డ్రైవర్ తలుపు తీస్తే స్తంభం మీద వీఐఎన్ (బండి గుర్తింపు నంబరు) రేకు ఉంటుంది. ఉదాహరణకు సీఈ140 అని మొదలైతే: సీ అంటే రెండు చక్రాల డ్రైవు, ఈ అంటే వీ8 (ఎస్ ఉంటే ఆరు సిలిండర్లు), 1 అంటే అరటన్ను, 4 అంటే తొట్టి ఉన్న పికప్, సున్నా అంటే 1970. ఆ తర్వాతి అక్షరం ఫ్యాక్టరీది. 1972 బండికి వీటన్నిటి ముందు ఇంకో సీ చేరుతుంది. ఈ నంబరు టైటిల్ కాగితంతో (బండి ఎవరిదో చెప్పే పత్రంతో) అక్షరం అక్షరం సరిపోవాలి. రంగు వేసేటప్పుడు కూడా ఆ రేకు రివెట్లు ఊడదీయొద్దు, తర్వాత బండి దొంగసొత్తేమో అనే అనుమానం వస్తుంది. ఇప్పటి 17 అంకెల వీఐఎన్ పద్ధతి 1981లో వచ్చింది. అందుకే ఇన్సూరెన్స్ వెబ్‌సైట్లు ఈ పాత నంబరును తీసుకోవు. పాతబండ్ల పాలసీలు ఇచ్చే కంపెనీకి ఫోన్ చేసి, ముందుగా ఒప్పుకున్న విలువ మీద పాలసీ తీసుకోవాలి. టెక్సస్‌లో 25 ఏళ్లు దాటిన బండికి యాంటిక్ ప్లేట్లు ఇస్తారు కానీ అవి ప్రదర్శనలు, క్లబ్బు కార్యక్రమాల లాంటి వాటికే. కూరగాయలకూ ఆఫీసుకూ వేసుకెళ్లాలంటే మామూలు రిజిస్ట్రేషనే చేయించుకోండి.

నీళ్ల దారి

ముందు అద్దం కింద, బానెట్ వెనక, అడ్డంగా చిల్లుల రేకు ఒకటుంటుంది. దాన్ని కౌల్ అంటారు. క్యాబ్‌లోకి గాలి వచ్చేది అక్కణ్నుంచే. అద్దం మీద పడిన వాన అంతా ఆ చిల్లుల్లోంచి లోపలి కాలువలోకి దిగి, రెండు పక్కలకూ పారి, డ్రైవర్ పాదాల పక్కన, ప్యాసింజర్ పాదాల పక్కన ఉండే నిలువు పెట్టెల్లాంటి భాగాల గుండా కిందికి జారి, ముందు ఫెండర్ వెనక ఉన్న సందులోంచి నేలమీద పడాలి. కంపెనీ ఆలోచన అది. చెట్టు కింద నిలిపిన బండిలో జరిగేది వేరు. ఆకులు, పైన్ సూదులు, ధూళి ఆ చిల్లుల్లోంచి దిగి అడుగున పేరుకుంటాయి. యాభై ఏళ్లకు అది మన పెరట్లో పెంటపోగంత మెత్తగా, నల్లగా, ఎప్పుడూ చెమ్మగా ఉండే ఎరువైపోతుంది. ఆ చెమ్మ రేకును లోపలినుంచి తింటుంది. బయట రంగు మీద బుడగ తేలేసరికి లోపల పొర లేనట్టే.

అక్కడినుంచి చెమ్మ తలుపు కింది గడపలోకి పాకుతుంది. అమెరికాలో దాన్ని రాకర్ ప్యానెల్ అంటారు, నేను గడప రేకు అనే అంటాను, పనీ అదే, చోటూ అదే. గడప రెండు పొరల పెట్టె. అది నిండితే నీరు వెనక్కి నడిచి, తలుపు వెనక ఉన్న క్యాబ్ మూలల్లో ఆగుతుంది. వెనక అద్దం రబ్బరు ఎండి పగిలితే ఆ నీళ్లూ అక్కడికే చేరతాయి. ఈ బండ్లలో క్యాబ్ మూలలు చెక్కుచెదరకుండా ఉన్నవి అరుదు.

అందుకే చూడ్డానికి వెళ్లేటప్పుడు ఒక ఫ్రిజ్ మీద అతికించుకునే పల్చటి అయస్కాంతం, ఒక టార్చి, ఒక మొండి స్క్రూడ్రైవర్ తీసుకెళ్లండి. అయస్కాంతాన్ని పల్చటి గుడ్డలో చుట్టి గడప రేకు మీద, క్యాబ్ మూలల మీద, ముందు ఫెండర్ కింది అంచు మీద, వెనక చక్రాల వంపు మీద నడిపించండి. జారిపోయిన చోట రంగు కింద ఉన్నది పుట్టీ. టార్చితో కింద పడుకుని క్యాబ్ మౌంట్లు చూడండి. క్యాబ్‌ను ఫ్రేముకు పట్టి ఉంచే ఆ బ్రాకెట్లు, ముఖ్యంగా ముందువి, తుప్పుపడితే తలుపు వరస తప్పుతుంది. తలుపు సగం తెరిచి, చివర పట్టుకుని పైకి ఎత్తండి. కదిలితే కీలు పిన్నులు అరిగినట్టు, అది చిన్న ఖర్చు. కీలు కదలకుండా దాని వెనక స్తంభమే కదిలితే ఆ బండి దగ్గర్నుంచి వచ్చేయండి. పైకప్పు చుట్టూ ఉండే నీటి అంచు, అంటే డ్రిప్ రైలు, వేలితో తడుముకుంటూ రండి. అక్కడ పాత సీలెంటు బీటలిచ్చి లోపల తుప్పు మొదలైతే కోసి అతకడం చాలా కష్టం. నేల పలక పోయినా భయపడనక్కర్లేదు, డ్రిప్ రైలు పోతే ఆలోచించాలి.

కోసేముందు పెట్రోలు ట్యాంకు

ఈ బండ్ల పెట్రోలు ట్యాంకు క్యాబ్ లోపల, సీటు వెనకాలే ఉంటుంది. 1973లో మోడల్ మారాకే అది బయటికి వెళ్లింది. క్యాబ్ మూల కోసే గ్రైండర్ నిప్పురవ్వలకూ ఆ ట్యాంకుకూ మధ్య బెత్తెడు దూరం, ఒక రేకు. ట్యాంకు ఖాళీ చేశాం కదా అనుకోవడం పెద్ద తప్పు. ఖాళీ ట్యాంకులో నిండేది పెట్రోలు ఆవిరి, దానికి ఒక్క రవ్వ చాలు. బ్యాటరీ విప్పి, ట్యాంకు, దాని పైపులు, మూత దగ్గరి రబ్బరు గొట్టం అన్నీ తీసి, గ్యారేజీలో కాదు, ఆరుబయట నీడలో పెట్టాకే గ్రైండర్ ప్లగ్ పెట్టండి. ఈ ఒక్క విషయంలో తొందరపడొద్దు.

గడప, క్యాబ్ మూల మార్చే పనిలో ఎక్కువమంది చెడగొట్టేది వెల్డింగ్ కాదు, కొలత. క్యాబ్ ఫ్రేము మీదే బిగించి ఉండాలి, బండి చదునైన నేలమీద నాలుగు చోట్లా సమంగా నిలబడాలి. తలుపు పెట్టి, చుట్టూ సందు ఎంతుందో కొలిచి, టేపు అంటించి దానిమీద రాసుకోండి. తర్వాత తలుపు తీసి, ముందు స్తంభం నుంచి వెనక స్తంభానికి ఒక అంగుళం చదరపు గొట్టాలు రెండు, ఒకటి అడ్డంగా, ఒకటి ఐమూలగా, టాక్ వెల్డ్ (తాత్కాలికంగా చుక్కల అతుకు) చేయండి. అప్పుడు కోయండి. ఒక పక్క పూర్తిగా అయ్యాకే రెండో పక్క. రెండు గడపలూ ఒకేసారి కోస్తే క్యాబ్ మధ్యలో కుంగుతుంది, తర్వాత ఏ తలుపూ మూతపడదు.

కొత్త ముక్కను పాత రేకు మీద పెట్టి గీత గీయడం మామూలు. కానీ కోత ఆ గీతకు అర అంగుళం లోపలే మొదలుపెట్టి, ముక్క ఆనించి చూసుకుంటూ కొంచెం కొంచెం తీయాలి. అతుకు వేసే చోట మెరిసే మంచి రేకు దాకా వెళ్లాలి. తుప్పు గాట్లున్న రేకు మీద వెల్డింగ్ నిలవదు, చిల్లు పడుతూనే ఉంటుంది. ఫ్యాక్టరీ స్పాట్ వెల్డులను 8 మిల్లీమీటర్ల స్పాట్ కట్టర్‌తో పైపొర వరకే తొలచి విడదీయండి. కొత్త ముక్క అంచుకు అంగుళం, అంగుళంన్నరకు ఒకటి చొప్పున అదే కొలత చిల్లులు వేసి, వాటిలో ప్లగ్ వెల్డు నింపితే చూపుకూ బలానికీ పాతదానిలాగే ఉంటుంది.

మిగ్ వెల్డర్‌కు 0.023 అంగుళాల తీగ, 75 పాళ్లు ఆర్గాన్, 25 పాళ్లు కార్బన్ డయాక్సైడ్ కలిపిన గ్యాసు. గ్యాసు అక్కర్లేని ఫ్లక్స్ తీగతో ఈ రేకు పని చేయొద్దు, వేడెక్కువై చిల్లులు పడతాయి. పొడుగ్గా గీత లాగకూడదు. అంగుళానికో చుక్క పెట్టి, ఈ చివర ఒకటి, ఆ చివర ఒకటి, మధ్యలో ఒకటి, ఇలా తిరుగుతూ పోవాలి. చేయి ఆనిస్తే ఓర్చుకోగలిగేంత చల్లారాకే దాని పక్క చుక్క. తడిగుడ్డతో చల్లార్చితే రేకు ముడుచుకుపోతుంది, దానంతట అది చల్లారాలి.

మన దగ్గర పాత జీపులకు, అంబాసిడర్లకు తుప్పు రేకు మీదే కొత్త రేకు పెట్టి చుట్టూ అతికించేయడం చాలా చోట్ల అలవాటు. ఈ బండి గడపకు అలా చేస్తే రెండు రేకుల మధ్య చెమ్మ బందీ అయిపోతుంది. కొత్త రేకు కూడా కొన్నాళ్లకే అదే దారి పడుతుంది. పాతది పూర్తిగా తీసేయాల్సిందే.

మూతపడిపోయే లోపలి వైపు రేకుకు ముందే వెల్డ్-త్రూ ప్రైమర్ (దానిమీదే వెల్డింగ్ చేయగలిగే పూత) కొట్టండి. వెల్డింగ్ వేడికి ఆ వరస పొడవునా లోపలి రంగు ఎలాగూ కాలిపోతుంది. దానికి మందు క్యావిటీ వ్యాక్స్, అంటే గుల్ల భాగాల్లో కొట్టే మైనం. చివర్న చుట్టూ చిల్లులున్న సన్నని గొట్టాన్ని గడపలోకి దూర్చి, వెనక్కి లాగుతూ కొట్టాలి. అయితే రంగు పనంతా అయ్యాకే. ముందే కొడితే ఆ మైనం సందుల్లోంచి కారి, రంగు అంటుకోకుండా చేస్తుంది. ఇంకొకటి, గడప అడుగున ఉన్న నీటి చిల్లుల్ని సీలెంటుతో పూడ్చేయొద్దు. ఆ చిన్న చిల్లులే బండిని బతికించేవి.

ట్యాంకును తిరిగి క్యాబ్‌లోనే పెట్టాలా అని చాలామంది అడుగుతారు. ఫ్రేము పట్టాల మధ్య, వెనక యాక్సిల్ వెనకాల, స్టెప్నీ ఉండే చోట పెట్టడానికి ట్యాంకులు తయారుగా దొరుకుతాయి. క్యాబ్‌లో పెట్రోలు వాసన పోతుంది, సీటు వెనక చోటొస్తుంది. నా మాటడిగితే మార్చేయండి. పాతచోటే ఉంచాలనుకుంటే ట్యాంకు మూతి దగ్గరి గొట్టం, పైనున్న సెండర్ (పెట్రోలు మట్టాన్ని గేజికి చెప్పే భాగం) గ్యాస్కెట్, ఆవిరి పైపు మూడూ కొత్తవి వేయండి. ఇక్కడి పెట్రోల్లో నూటికి 10 పాళ్ల దాకా ఇథనాల్ ఉంటుంది, పాత రబ్బరును ఉబ్బించి పిండిలా చేస్తుంది. ఇథనాల్ తట్టుకుంటుందని గొట్టం మీద రాసి ఉన్నదే కొనండి. గేజి ముల్లు పిచ్చిగా తిరుగుతుంటే సెండర్‌ను తప్పుపట్టకముందు దాని ఎర్త్ వైరు చూడండి. ఈ బండి సెండర్ ఖాళీకి సున్నా, నిండుకు 90 ఓమ్‌లు చూపించాలి.

బ్రేకులు

నడవడానికి ముందు ఆగడం నేర్పాలి బండికి. రబ్బరు గొట్టాలు మూడూ మార్చేయండి, చూడ్డానికి బాగున్నా సరే. అవి లోపల వాచి మూసుకుపోతాయి. పెడల్ తొక్కినప్పుడు ఆ ఒత్తిడికి నూనె దూరుతుంది, వదిలాక వెనక్కి రాదు, చక్రం పట్టేసి ఉంటుంది. చాలామంది వీల్ సిలిండర్లు మార్చి మార్చి విసిగిపోయేది దీనివల్లే. ఉక్కు పైపులకు బదులు నికెల్-రాగి పైపు వేస్తే చేత్తో వంచుకోవచ్చు, తుప్పుపట్టదు. అంచులకు డబుల్ ఫ్లేర్ (పైపు కొనను విప్పి లోపలికి మడవడం) తప్పనిసరి. పైపు మధ్యలో కంప్రెషన్ ఫిట్టింగులతో అతుకులు వేయడం ప్రాణాలతో ఆట.

డ్రమ్ముల్లో షూ జతలో ఒకదాని లైనింగ్ పొట్టిగా, ఒకదానిది పొడుగ్గా ఉంటుంది. పొట్టిది బండి ముందువైపుకు రావాలి. తారుమారైతే బ్రేకు పడుతుంది కానీ బలం ఉండదు, ఒక పక్కకు లాగుతుంది. సర్దుబాటు చేసే నక్షత్రం చక్రాలు ఎడమవి, కుడివి వేరు. అటుదిటు వేస్తే తనంతట తాను బిగుసుకోవాల్సింది కాస్తా వదులవుతూ పోతుంది. ఒకేసారి రెండు డ్రమ్ములూ విప్పకండి, రెండోది చూసి మొదటిది బిగించుకోవచ్చు.

1967 నుంచే ఈ బండ్లకు రెండు గదుల మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే నూనెను చక్రాలకు నెట్టేది) ఉంది. కొత్తది వేసేటప్పుడు ముందు వైస్‌లో పెట్టి, రెండు పొట్టి గొట్టాలు దాని మూతుల నుంచి దాని గిన్నెల్లోకే తిప్పి, బుడగలు ఆగేదాకా మెల్లగా నొక్కాలి. ఆ పని చేయకుండా బండికి బిగిస్తే గంటలకొద్దీ బ్లీడింగ్ (పైపుల్లోంచి గాలి తీయడం) చేసినా పెడల్ స్పాంజిలాగే ఉంటుంది. బండి మీద బ్లీడింగ్ వరస: వెనక కుడి, వెనక ఎడమ, ముందు కుడి, ముందు ఎడమ. డ్రమ్ము బండికి డిస్కులు వేసినవాళ్లు మాస్టర్ సిలిండర్‌ను కూడా డిస్కుదే వేయాలి. డ్రమ్ము సిలిండర్‌లో ఉండే రెసిడ్యువల్ వాల్వు గొట్టంలో కొంత ఒత్తిడి నిలిపి ఉంచుతుంది, డిస్కు ప్యాడ్లు ఎప్పుడూ రాసుకుంటూ కాలిపోతాయి.

స్ప్రింగుల గురించి రెండు మాటలు. ముందు కాయిల్ స్ప్రింగును కంప్రెసర్ పెట్టకుండా, గొలుసు కట్టకుండా ఎప్పుడూ విప్పొద్దు. సీ10కి మామూలుగా వెనక కూడా కాయిల్ స్ప్రింగులే, రెండు పొడుగాటి ట్రెయిలింగ్ ఆర్ములు, యాక్సిల్ పక్కలకు జరగకుండా ఒక పొట్టి అడ్డ కడ్డీ ఉంటాయి. బండిని కిందికి దింపితే ఆ కడ్డీ వంపు మారి యాక్సిల్ ఒక పక్కకు జరుగుతుంది, ఒక వైపు టైరు తొట్టిని రాస్తుంది. సర్దుబాటు కడ్డీ వేస్తేనే సరిపోతుంది.

నిద్రపోయిన ఇంజన్

ఏళ్ల తరబడి ఆగిన ఇంజన్‌కు నేరుగా తాళం తిప్పితే రింగులు విరగొచ్చు. ప్లగ్గులన్నీ తీసి, సిలిండర్‌కు రెండు టీస్పూన్ల పల్చటి నూనె పోసి, ఒక రోజంతా వదిలేయండి. తర్వాత క్రాంక్ ముందు బోల్టుకు పొడుగు పాన వేసి చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పాలి. ఎక్కడైనా గట్టిగా ఆగితే బలం పెట్టొద్దు. పాత ఆయిల్ దించి కొత్తది పోయండి, ఫిల్టర్‌తో కలిపి వీ8కి 5 క్వార్టులు. డిస్ట్రిబ్యూటర్ తీసి, ఆ చిల్లులోంచి ప్రైమింగ్ కడ్డీ దించి డ్రిల్లుతో కుడివైపుకు తిప్పితే ఆయిల్ పంపు తిరుగుతుంది. ఇంజన్ పైన వాల్వులను నొక్కే రాకర్ ఆర్ముల దగ్గర ఆయిల్ కారడం కనిపించేదాకా తిప్పండి. పెట్రోలు పాత ట్యాంకు నుంచి ఇవ్వొద్దు, విడిగా చిన్న డబ్బా కట్టండి.

వీ8 ముందు కవర్ విప్పే అవకాశం వస్తే టైమింగ్ గేరు చూడండి. ఆ కాలపు క్యామ్ (వాల్వులను ఎత్తించే కడ్డీ) గేరు పళ్లకు చప్పుడు తగ్గడానికి నైలాన్ పూత వేశారు. పాతబడితే అది పెళుసై రాలి, ఆయిల్ పంపు జాలీలో చేరుతుంది. ప్రెషర్ పడిపోయి బేరింగులు పోతాయి. పూర్తి ఉక్కు గేర్లు, కొత్త గొలుసు వేసి, సంపు (ఇంజన్ అడుగున ఉండే ఆయిల్ గిన్నె) కూడా దించి జాలీ శుభ్రం చేయాలి.

ఈ ఇంజన్లలో క్యామ్‌కూ లిఫ్టర్‌కూ మధ్య రోలరు ఉండదు, ఇనుము ఇనుము మీద రాసుకుంటుంది. ఆయిల్లో జింకు మందు ఉంటేనే అది బతుకుతుంది. కొత్త కార్ల కోసం వచ్చే పల్చటి ఆయిళ్లలో ఆ మందు తక్కువ. పాత ఇంజన్లకని ప్రత్యేకంగా అమ్మే 10డబ్ల్యూ-30 వాడండి. కొత్త క్యామ్ వేస్తే, స్టార్టైన క్షణం నుంచి 20 నిమిషాలపాటు 2000 నుంచి 2500 ఆర్‌పీఎం మధ్య ఉంచాలి, ఐడిల్‌కు దించకూడదు. ఐడిల్లో క్యామ్ మీద ఆయిల్ చిమ్మడం తక్కువ, కొత్త క్యామ్ మొదటి పావుగంటలోనే అరిగిపోవచ్చు.

పాయింట్ల (ప్లగ్గుల నిప్పురవ్వ కోసం కరెంటును కలిపి తెంపే భాగాల) సర్దుబాటు ఈ వీ8లో ముచ్చటగా ఉంటుంది. డిస్ట్రిబ్యూటర్ మూతకు పక్కన చిన్న లోహపు కిటికీ. దాన్ని పైకి జరిపి, 1/8 అంగుళం అలెన్ కీ లోపలికి దూర్చండి. ఇంజన్ ఐడిల్లో నడుస్తుండగా డ్వెల్ (పాయింట్లు మూసి ఉండే కోణం) మీటరు చూస్తూ 30 డిగ్రీలకు తెండి. మీటరు లేకపోతే, కుడివైపుకు తిప్పుతూ పోతే ఇంజన్ తడబడుతుంది, అక్కణ్నుంచి సగం చుట్టు వెనక్కి తిప్పితే సరిగ్గా కుదురుతుంది. టైమింగ్ దాని తర్వాతే చూడాలి, డ్వెల్ మారితే టైమింగ్ మారుతుంది కాబట్టి. వ్యాక్యూమ్ గొట్టం తీసి మూసి, లైటు పెట్టి చూడండి. ఫైరింగ్ ఆర్డర్ 1-8-4-3-6-5-7-2, రోటరు కుడివైపుకు తిరుగుతుంది. ఆరు సిలిండర్ల 250కి 1-5-3-6-2-4. చాలామంది ఆ 250ని పీకేసి 350 పెడతారు. ఇంజన్ బాగుంటే ఉంచుకోమనే నా సలహా. చుట్టూ చేయి పెట్టడానికి చోటుంటుంది, ఏళ్లకేళ్లు నడుస్తుంది.

పాయింట్లకు వెళ్లే వైరు మామూలు వైరు కాదు, ఓల్టేజీ తగ్గించే రెసిస్టెన్స్ వైరు. తర్వాతి కాలపు, పాయింట్లు లేని ఎలక్ట్రానిక్ హెచ్‌ఈఐ డిస్ట్రిబ్యూటర్ పెట్టి పాత వైరే తగిలిస్తే, స్టార్టవుతుంది, వేగం పెంచితే తడబడుతుంది. దానికి పూర్తి 12 ఓల్టుల కొత్త వైరు లాగాలి. యాక్సిలరేటర్ తొక్కగానే బండి ఒక క్షణం చచ్చి లేస్తుంటే ఇంజన్ ఆపి, ఎయిర్ క్లీనర్ తీసి, కార్బరేటర్లోకి చూస్తూ చేత్తో త్రాటిల్ కదపండి. పెట్రోలు సన్నగా, గట్టిగా చిమ్మాలి. చుక్కలు చుక్కలుగా వస్తే యాక్సిలరేటర్ పంపు రబ్బరు పోయింది.

మూడు గేర్ల స్టీరింగ్ కాలమ్ గేరు ఉన్న బండి సిగ్నల్ దగ్గర గేరు మధ్యలో ఇరుక్కుంటే గేర్‌బాక్సుకు ఏమీ కాలేదు. బానెట్ ఎత్తి, కాలమ్ అడుగున ఉన్న రెండు లీవర్లను చేత్తో ఒక వరసకు తెస్తే విడిపోతుంది. బుష్‌లు అరిగాయని అర్థం, ఇంటికెళ్లాక మార్చండి.

వైరింగ్‌లో వింత జబ్బుల్లో సగం ఎర్తుకు సంబంధించినవే. బ్రేకు తొక్కితే ఇండికేటర్ వెలగడం, వెనక లైట్లు మసకగా ఉండడం లాంటివి తొట్టికీ ఫ్రేముకూ మధ్య వైరు లేకే. ఇంజన్ నుంచి క్యాబ్ గోడకు, ఇంజన్ నుంచి ఫ్రేముకు, తొట్టి నుంచి ఫ్రేముకు, మూడు చోట్లా రంగు గీకి మెరిసే ఇనుము మీద బిగించండి.

తొట్టి చెక్క, రంగు

చెక్క నేల ఉన్న తొట్టి అందమే వేరు. పైన్ చవక, ఓక్ గట్టిది. ఏదైనా పైవైపు మాత్రమే నూనె పట్టిస్తే పలక పడవలా వంగుతుంది. అడుగు, పక్కలు, ముఖ్యంగా కోసిన కొనలు, బోల్టు చిల్లుల లోపల కూడా బిగించకముందే రెండు మూడు పూతలు పట్టాలి. పలకల మధ్య ఉక్కు పట్టీల బోల్టుల్ని మొదట వదులుగా అన్నీ ఎక్కించి, తొట్టి చదరంగా ఉందో లేదో మూల నుంచి మూలకు కొలిచి, అప్పుడు బిగించాలి.

రంగుకు ముందు బండి మొత్తం ఒకసారి ఉత్తుత్తిగా బిగించి చూడండి: ఫెండర్లు, బానెట్, తలుపులు, తొట్టి. కొత్తగా తయారవుతున్న ప్యానెళ్లు పాతవాటంత కచ్చితంగా కూర్చోవు, చిల్లులు సాగదీయాల్సి వస్తుంది, అంచులు కొట్టాల్సి వస్తుంది. రంగు వేశాక ఆ పని చేయలేం. బానెట్, పైకప్పు, తలుపుల పైరేకులను ఇసుకతో బ్లాస్టింగ్ చేయిస్తే వంకర్లు పోతాయి. వాటికి కెమికల్ స్ట్రిప్పరో సోడా బ్లాస్టింగో చేయించి, ఇసుకను ఫ్రేముకే పరిమితం చేయండి. బట్టబయలైన రేకు మీద మొదట ఎపాక్సీ ప్రైమర్, దానిమీద అతుకులకు సీలెంటు, ఆ తర్వాతే పుట్టీ, మందపాటి ప్రైమర్. హార్డ్‌నర్ కలిపే రంగుల్లో ఊపిరితిత్తులకు హాని చేసే ఐసోసయనేట్లుంటాయి. మామూలు మాస్కు వాటిని ఎక్కువసేపు ఆపలేదు. బయటినుంచి గాలి అందే హెల్మెట్ లేకపోతే రంగు పని షాపుకే ఇవ్వండి.

అంతా బిగించి బండి బయటికి తీశాక, మొదటి 100 మైళ్లకు చక్రాల నట్లు, తొట్టి బోల్టులు, స్టీరింగ్ బాక్స్ బోల్టులు మళ్లీ బిగించి, బ్రేకు నూనె మట్టం చూడండి. లోపల కార్పెట్ మాత్రం అప్పుడే పరచొద్దు. ముందు కౌల్ మీద ఒక పక్క మెల్లగా ఓ బక్కెట్టు నీళ్లు పోసి, కింద వంగి ఫెండర్ వెనక చూడండి. పోసినదంతా ధారగా నేలమీద పడాలి. తర్వాత రెండో పక్క పోయండి. పాదాల దగ్గర రేకు తడుముతూ గంటసేపు ఆగండి. వేలికి తడి తగలకపోతే కార్పెట్ పరుచుకోవచ్చు.